బాతుల డాన్సుకి బొబ్బిలి బండి

ఆ రోజుల్లో ఇదంతా రాసి పెట్టుకుందామంటే నాకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు బడికి పంపలేదు, పెళ్లయి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరుకి వస్తే ఇక్కడ బోర్డులన్నీ హిందీలో ఉండేవి. పోయినేడు మా కోడలు తన కూతురికి తెలుగు నేర్పాలని అక్షరాల పుస్తకం తెప్పించింది. మనవరాలు 'ఋ' దగ్గర పారిపోయింది, నేను మిగిలిపోయాను. అందుకే ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

అప్పట్లో కాలనీలోని చిన్నపిల్లల బడిలో ఆయాగా కొత్తగా చేరాను. వార్షికోత్సవం బాగా జరిగితే పనిలో ఉంచుతానని పెద్ద మేడం (బెంగాలీ ఆవిడ, నవ్వగా ఎవరూ చూడలేదు) ముందే చెప్పింది. పిల్లల కోసం బొమ్మల సినిమాలు తీసే ఒక పెద్ద విదేశీ కంపెనీ వారి వీడియో క్యాసెట్టు కాలనీలోని రైలు గార్డుగారింట్లో ఉండేది. పిల్లలందరినీ అక్కడికి తీసుకెళ్లి, అందులో బాతులు ఎగిరే ఇంగ్లీషు పాట చూపించి డాన్సు నేర్పించారు. పాటల క్యాసెట్టు విడిగా తెప్పించి, టేప్‌రికార్డరు మీట నొక్కే పని నాకు అప్పగించారు.

రోజూ వింటుంటే ఆ వరస నా నోటికి పట్టేసింది. మాటలు మాత్రం ఒక్కటీ అర్థం కాలేదు. ఒట్టి కూనిరాగం ఎంతసేపని తీస్తాం? నాకు తడుముకోకుండా వచ్చింది ఒకటే, మా బొబ్బిలి వెళ్లే దారిలో స్టేషన్ల పేర్లు. (బోర్డు చదవలేనిదాన్ని కదా, దిగాల్సిన చోటు దాటిపోకుండా మా ఆయన వల్లె వేయించారు.) గిన్నెలు తోముతూ వాటినే ఆ వరసలో ఇరికించి పాడుకునేదాన్ని. రైలింజన్ల షెడ్డులో ఫిట్టరైన మా ఆయన, "ఏటే, ఈ బండి మన వంటింట్లో కూడా ఆగుతాదేటి?" అని ఏడిపించేవారు.

ఆ సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నిండిపోయింది. ముందు వరసలో ఆఫీసర్లు, స్టేజీ మీద అట్టముక్కులు కట్టుకున్న బాతులు. మీట నొక్కాను. పాట కాస్త నడిచి, గొంతు బొంగురుపోయి, కుర్రుమని ఆగింది. మూత తెరిస్తే రీలు సేమియాలాగా బయటికొచ్చింది. బాతులు ఒక కాలెత్తి అలాగే నిలబడ్డాయి, ఒక బాతు ఏడుపు మొదలెట్టింది. మేడం నా వైపు చూసింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. పక్కనే మైకు ఉంది. ఏం ధైర్యమో, దాన్ని అందుకుని అదే వరసలో "రాయ్‌పూర్, మహాసముంద్, బాగ్‌బాహరా" అని ఎత్తుకున్నాను. బాతులకి మాటలతో పనేముంది, మళ్లీ ఎగిరాయి. టిట్లాగఢ్ చేరేసరికి వెనక బెంచీల్లోని మన తెలుగువాళ్లు గొంతు కలిపారు (అందరూ సెలవులకి ఆ దారిన వెళ్లేవాళ్లే). బొబ్బిలి దగ్గర పాట ఆపబోతే ఒకాయన లేచి, "సెల్లీ, ఇజీనారం దాకా అట్టుకెల్లు, నానక్కడ దిగాల" అన్నాడు. హాలంతా నవ్వులు. విజయనగరం కోసం ఇంకో చుట్టు లాగాను.

మేడం మాత్రం ఆఫీసర్లతో పాటే వెళ్లిపోయింది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. "బాగానే పాడీసినావు, కేసింగ టేసనొకటి వొగ్గీసినావు" అని మా ఆయన ఓదార్చారు.

ఆ పాట అసలు మాటలేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నేర్చుకున్నవి తెలుగు అక్షరాలాయె, పాటేమో ఇంగ్లీషు. మొన్న మనవరాలు ఫోన్లో ఆ సినిమాయే పెట్టింది. బాతులు కనబడగానే నా పెదవులు రాయ్‌పూర్ నుంచి బయల్దేరాయి. "నానమ్మా, యే క్యా గా రహీ హో?" అని, ఏం పాడుతున్నానో అడుగుతూ అది ఒకటే నవ్వు.

ఇక ఆ వార్షికోత్సవం మర్నాడు పొద్దున్న, తీసేస్తే తీసేశారని బడికి వెళ్లి ఊడుస్తున్నాను. మేడం వచ్చి గుమ్మంలో నిలబడి, టిట్లాగఢ్ తరవాత ఏ స్టేషను వస్తుందని హిందీలో అడిగింది. కేసింగ అనీ, రాత్రి భయంలో మర్చిపోయాననీ చెప్పాను. "అచ్ఛా, రేపట్నుంచి మర్చిపోకు" అని లోపలికి వెళ్లింది. రేపట్నుంచి అన్న మాట తలకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. పిల్లలొచ్చే వేళకి రీలు పెన్సిలుతో సరిగా చుట్టి పాట పెట్టాను. ఇది కాదు మౌసీ (అంటే పిన్నీ), నీ పాటే కావాలని అందరూ చెవులు మూసుకున్నారు. నేను మీట ఆపేసి, చీపురు మూలన పెట్టి, కేసింగతో సహా మొదటినుంచీ పాడాను.