నా కుర్చీ నేనే మోసుకొచ్చాను

మా డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో శుక్రవారం లలితా పారాయణానికి ఆడవాళ్లంతా చాప మీద కూర్చుంటారు. నాకు మాత్రం రెండేళ్లుగా మా ఇంటి నుంచి తెచ్చి అక్కడే ఉంచిన ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. థైరాయిడ్‌తో మోకాళ్లు బిగుసుకుపోయి, కింద కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. రోజూ మాత్ర మింగుతున్నా ఇదేం ఖర్మో అర్థమయ్యేది కాదు.

నాలుగు నెలల కిందట కొత్త డాక్టరమ్మ, గోలీ ఎలా వేసుకుంటున్నావని అడిగింది. పొద్దున్నే చాయ్‌తో, ఎముకల కోసమిచ్చిన కాల్షియం బిళ్ల కూడా కలిపి ఒకే గుటకలో మింగేస్తానని గొప్పగా చెప్పాను. "దోనో ఏక్ సాథ్?" రెండూ ఒకేసారా అని ఆవిడ తల పట్టుకుంది. కాల్షియం థైరాయిడ్ మాత్రని ఒంటికి పట్టనివ్వదట! ఒకటి పరగడుపున నీళ్లతో, రెండోది మధ్యాహ్నం భోజనమయ్యాక అని విడదీసింది. డోసు మాత్రం మార్చలేదు.

ఇవాళ నేరుగా వెళ్లి చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాను. హారతి వేళకి పక్కింటి పార్వతి వదిన కంగారుగా చెయ్యి చాపింది.

"ఉండవే, ఒక్కదానివే లేవలేవు. నన్ను పట్టుకో."

"నువ్వు ముందు హారతి అద్దుకో వదినా" అంటూ లేచి నిలబడ్డాను. గోడ కూడా పట్టుకోలేదు!

తిరిగొచ్చేటప్పుడు ఆ ఎర్ర కుర్చీని చంకలో పెట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కాను. తలుపు తీసిన మా ఆయన నన్ను చూసి, నేను కింద పెట్టిన ఆ కుర్చీలోనే కూలబడ్డారు.

రెండు మాత్రలూ ఒకే గుటకలో మింగేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నిజం చెప్పండి. మా ఆయన లేవగానే కుర్చీ పంపిస్తాను.