రాతికొట్టంలో ఆడిగాలి

నా చిన్నప్పుడు తమిళనాడులో ఆండిపట్టి దగ్గర మా తోటలో ఒక రాతికొట్టం ఉండేది. మా తాతకు తాత కట్టించాడట. మూరెడు మందం దాటిన గోడలు, తాటి దూలాల మీద పెంకులు. ఎదురెదురుగా రెండు ఎత్తైన వాకిళ్ళు. ఒక వాకిట్లోంచి వచ్చిన జొన్నబండి, ఎద్దులను తిప్పే పని లేకుండా రెండో వాకిట్లోంచి పోయేది. ఆ రెంటి నడుమ వీచే గాలికే గింజలు తూర్పారబట్టేవారు. కిటికీలు లేవు. గోడల్లో నిలువుగా సన్నని సందులు మాత్రం ఉండేవి. బయట నాలుగు వేళ్ళ వెడల్పు, లోపలికి వచ్చేసరికి చేటంత. వాన రాదు, గాలి ఆగదు, మేత ముక్కిపోదు.

ఆడిమాసంలో, అదే మన ఆషాఢంలో, కొండల మీంచి దిగే గాలికి ఆ సందులు మూలిగేవి. పట్టపగలే, లోపల ఎవరో పడుకుని తల్లిని పిలుస్తున్నట్టుండేది. అటు పోవాలంటే నాకు కాళ్ళు ముందుకు పడేవి కావు. ఒక ఏడు ఆ భయానికి జ్వరమే వచ్చింది.

"నువ్వు బయపడొద్దు పాపా, ఇంక అరవదు" అని మా తాత గడ్డీ బంకమన్నూ కలిపి సందులన్నీ పూడ్చేశాడు. కొట్టం నోరు మూసుకుంది. ఆ పూట మా అవ్వ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమెను వెతుక్కుంటూ పోతే, కొట్టం గోడ దగ్గర నిలబడి గోళ్ళతో ఆ మన్ను గీకుతోంది. ఎందుకని అడిగాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీ నాయనకు చెల్లెలు ఒకతి ఉండె. నీ ఈడే. దానికి అమ్మవారు పోసె. మిగతా పిల్లలకు అంటుకుంటాదని ఇందులో పండబెట్టిరి. నన్ను లోపలికి పోనీలేదు. ఈ సందులోంచే అమ్మా అని పిలుస్తా ఉండె. నేను ఇవతల కూసోని, ఉండానమ్మా, ఉండాను అంటా ఉంటి."

"ఇప్పుడు పిలిచేదీ ఆ అత్తేనా అవ్వా?"

"గాలే కన్నా. నాకు తెలీదా? అయినా, ఆ గాలీ లేకపోతే నాకింక ఏముండాది?"

అంతలో తాత వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. ఆనాడు కొట్టానికి గడియ పెట్టింది ఆయనేనని తర్వాతెప్పుడో అమ్మ చెప్పింది. అవ్వ గోళ్ళ వైపు కాసేపు చూశాడు. నిచ్చెన తెచ్చి, ఆమెకు అందని పై సందుల్లోని మన్ను గడ్డపారతో తానే తవ్వేశాడు. గాలి దూసుకొచ్చింది. మూలుగు మొదలైంది. అవ్వ సందుకు నోరు ఆనించి "ఉండానమ్మా" అంది. తాత గోడకే ముఖం పెట్టుకుని చాలాసేపు నిచ్చెన దిగలేదు.

నా భయం ఆ రోజుతో పోయిందని చెప్పను. అయినా అవ్వ కొంగు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు కోయంబత్తూరులో మా పక్కింటి అక్క, పోయిన కొడుకుకు రోజూ మధ్యాహ్నం పీటా అరిటాకూ వేసి వడ్డించి, పేరు పెట్టి పిలుస్తుంది. అట్లా చేయకూడదని అందరూ ఆమెకు నచ్చచెబుతారు. ఆ ఖాళీ పీట ఎదురుగా కూర్చోవాలంటే ఈ వయసులోనూ నాకు భయమే. అయినా పోయి ఆమె పక్కన కూర్చుంటాను. ఆమె పిలిచి పిలిచి ఊరుకునేదాకా లేవను.