పుష్యమాసపు నీళ్ళలోకి నన్ను దింపిన అత్త

మా పక్కింటి అత్త పోయింది. బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుండగా అటెండరు గుమ్మం దగ్గరకొచ్చి, "టీచరమ్మా, మీ ఈతల అత్త పోయినాదట" అన్నాడు. చేతిలో సుద్దముక్కతోనే ఇంటికి పరుగెత్తాను. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మరి లేవలేదు. డాక్టరు గుండె అన్నాడు.

ఏడ్చాను, కాదనను. కానీ ఆమె గురించి రాద్దామని కూర్చుంటే మాత్రం ఒంట్లో హుషారు పుట్టుకొస్తోంది. ఇది స్మృతి రాసే పద్ధతేనా అని మీరడగొచ్చు. ఆమెను తలుచుకుంటే నాకిలాగే ఉంటుంది, ఏం చెయ్యను!

మాది ఆమదాలవలస దగ్గర వరి పండించే కుటుంబం. మాకు తెలిసిన నీళ్ళు మడిలోవి, మోకాలు దాటనివి. కళింగపట్నం బడికి బదిలీ మీద వచ్చేసరికి నాకు నలభై ఆరేళ్ళు. నిద్ర పట్టదు, ఊరికే చెమటలు, ఊరికే కోపం. డాక్టరమ్మ పొద్దున్నే నడవమంది. అలా వంశధార గట్టున నడుస్తుంటే ఒకరోజు మంచులో, ఏటి మధ్యలో, ఒక నెరిసిన తల కనిపించింది. ఎవరో మునిగిపోతున్నారని గొంతు చించుకుని అరిచాను. ఆ తల తాపీగా గట్టుకు వచ్చింది. చూస్తే చీర గోచీ పెట్టి కట్టిన మా పక్కింటి అత్త!

"ఏటమ్మా ఆ అరుపులు? నానేటి సస్తన్నానా?" అంది.

"చలెయ్యట్లేదా అత్తా?"

"సలి గట్టు మీదే ఉంటాది. దిగితే ఉండదు."

శుద్ధ అబద్ధం. ఉంటుంది. మర్నాడు ఆమె మాట నమ్మి నడుము లోతు దిగేసరికి ఊపిరి గొంతులో ఇరుక్కుపోయింది, పళ్ళు టకటకలాడాయి, మా ఆయన్నీ డాక్టరమ్మనీ కలిపి తిట్టుకున్నాను. కానీ ఒడ్డెక్కి తువ్వాలు చుట్టుకున్నాక, ఆమె ఇచ్చిన వేడి చోడంబలి, అదే రాగి అంబలి, గుటకలు వేస్తుంటే, ఒళ్ళంతా సూదులు పొడిచినట్టు వెచ్చబడింది. ఆ రోజు బడిలో ఎవరి మీదా అరవలేదు. రాత్రి తొమ్మిదికే నిద్రపోయాను. ఇక నన్ను ఆపడం ఎవరి తరం!

అత్త నలభై ఏళ్ళు ఎండు చేపలు అమ్మింది. చిన్నప్పుడు వాళ్ళ అయ్య ఏట్లో ఈత నేర్పాడట. పెళ్ళయ్యాక మానేసింది. వేటకెళ్ళే ఇళ్ళలో నీళ్ళు మగవాళ్ళవి, ఆడవాళ్ళవి చేపల గంపలు. అరవై దాటి మోకాళ్ళు పట్టేశాక ఒక తెల్లవారుజామున ఎవరినీ అడగకుండా మళ్ళీ దిగింది. "గట్టు మీద ఈ కాళ్ళు నా మాట ఇనవు. నీల్లలో ఇంటాయి" అనేది.

నాకు నేర్పడానికి ఆమె పాత వల విప్పి, దాన్ని తేల్చే బెండ్లు ఆరు తాడుకు గుచ్చి నా నడుముకు కట్టింది. వారానికొకటి కోసేస్తానంది. మా ఆయన పాత ట్రాక్ ప్యాంటు, పైన చుడీదారు టాపు, నడుముకు బెండ్ల మాల. నా వాలకం చూసి పదో తరగతి పిల్లలు గట్టు మీద ఈలలు వేశారు. వెయ్యనీ!

ఇక నేను చేసిన తప్పు వరిమళ్ళలో పెరిగినవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యరు. బురదలో నడిచేటప్పుడు ముందు కాలి వేళ్ళతో నేల తడిమి, గట్టిగా తగిలాకే అడుగు వేస్తాం. నీళ్ళలోనూ నా కాలి వేళ్ళు అదే పని చేసేవి. నేల కోసం కాళ్ళు కిందికి సాగేవి, ఒళ్ళు నిటారుగా నిలబడేది, బెండ్లు ఉన్నా గుటుక్కున మునిగేదాన్ని.

"ఏటి టీచరమ్మా, నాట్లేస్తన్నావా?" అని పగలబడి నవ్వింది. "ఇది మీ మడి కాదు. కాళ్ళు ఒగ్గేయ్. మొయ్యడం నీల్ల పని, నీ పని బరువెయ్యడం."

నలభై ఆరేళ్ళుగా నేను ఎవరి మీదా బరువు వెయ్యలేదు. అందుకే ఆ ఒక్క పాఠానికి నాకు నెల పట్టింది.

ఆమె కోడలు చేపల గంపతో గట్టు మీద పోతూ ఇద్దరినీ కలిపి దులిపేసేది. "ఈ ముసల్దానికి బుద్ధి నేదనుకుంటే, సదువుకున్న మీకేటైనాది?" అనేది. అత్త వినబడనట్టు తల ముంచేసేది.

పుష్యమాసంలో, అన్నింటికంటే చల్లటి రోజున, ఆఖరి బెండు కోసేసింది. ఎదురుగా ఉన్న ఇసుక దిబ్బ చూపించి, "ఎల్లు. నానెనకే ఉన్నాను" అంది. వెళ్ళాను! చేతులు కొయ్యబారాయి, ముఖం మొద్దుబారింది, సగం దారిలో అమ్మను కూడా పిలిచాను. దిబ్బ తగలగానే పైకెక్కి చిన్నపిల్లలా గెంతాను. అప్పటిదాకా నన్ను టీచరమ్మా అనే మనిషి, నీళ్ళు కారుతున్న ముఖంతో, "ఒసే, వచ్చేసినావే!" అంది. నాకు బి.ఎడ్. వచ్చిన రోజు కూడా అంత సంతోషం లేదు.

ఆమె పోయిన రోజు ఆ ఇంట్లో కూర్చుంటే వెనక నుంచి ఎవరో, "ఆ సల్లనీల్లే సంపేసినాయి. తోడు దొరికేసరికి రోజూ దిగీసినాది" అన్నారు. ఆ తోడు నేనే. అందరూ నా వైపు చూశారు. ఆఖరి నాలుగు రోజులూ బంధువుల పెళ్ళి పనుల్లో పడి అత్త ఏటి వైపే రాలేదని నాకు తెలుసు. అయినా ఆ మాట నన్ను పట్టుకుంది. రెండేళ్ళు చల్లటి నీళ్ళలో తిప్పి, ఆ గుండెను నేనే అలసగొట్టానా? పది రోజులకు పైగా గట్టు వైపు పోలేదు. నిద్ర మళ్ళీ పోయింది. మా ఆయన, "ఇక ఆ ఈత మానెయ్" అన్నాడు. మానేద్దామనే అనుకున్నాను.

పెద్ద దినం కర్మలు అయిన మర్నాడు, ఇంకా వెలుగు రాకముందే, ఎవరో తలుపు కొట్టారు. తీస్తే కోడలు. ఆమె ఏమన్నా పడదామని తలవంచుకు నిలబడ్డాను.

"మా అత్త నీల్లవల్ల పోనేదు," అంది. "మోకాళ్ళ నొప్పికి మూలుగుతా ఉండేది. ఏటికెల్లొచ్చిన రోజే సుకంగా పడుకునేది. ఒకే ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెల్దేటి? ఆ మాటన్నోల్లకి నిన్ననే సెప్పీసినాను."

తలెత్తి, లోపలికి రమ్మన్నాను. ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"నానూ దిగుతాను. ఆవిడుండగా అడగడానికి సిగ్గేసినాది," అంది. అప్పటికే చీర గోచీ పెట్టుకుని వచ్చింది.

ఇద్దరం చీకట్లోనే ఏటి దాకా నడిచాం. నీళ్ళు ఎప్పటిలాగే ప్రాణం తీసేంత చల్లగా ఉన్నాయి. మెడ లోతులో ఆమె ఒక్కసారి కెవ్వుమని నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, నా సంగతీ అంతే. ఒడ్డుకు పోదామా అంటే వద్దని తల ఊపింది. నా మణికట్టు మీద ఆమె గోళ్ళ గుర్తులు బడిలో మూడో పీరియడు దాకా ఎర్రగా ఉన్నాయి.