పద్యాల తర్వాత తాతయ్య

నా చిన్నప్పుడు కువైట్‌లో మా ఇంటికి ఉత్తరాలు కేసెట్లలో వచ్చేవి. గోదావరి దగ్గర మా తాతయ్య వాళ్లకు ఫోను లేదు. ఒకే కేసెట్టు సముద్రం దాటి అటూ ఇటూ తిరిగేది. ఒక వైపు వాళ్లది, రెండో వైపు మాది. విన్నాక పాత మాటల మీదే కొత్తవి రికార్డు చేసి, సెలవుకు ఊరెళ్లే వాళ్ల చేత పంపడం అందరి పద్ధతి.

నాకు పదేళ్లప్పుడు మా అమ్మమ్మ పోయింది. అంతకు కొద్దిరోజుల ముందు వచ్చిన కేసెట్టులో ఆమె పాడిన పద్యాలున్నాయి. నర్సు డ్యూటీకి అమ్మ వెళ్లిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. టేపు రికార్డరుకు చెవి ఆనించి అవే వినేదాన్ని. పద్యాలయిపోయి తాతయ్య మాటలు మొదలవగానే వెనక్కి తిప్పేసేదాన్ని. అమ్మ వచ్చి పిలిచినా పలికేదాన్ని కాదు. జవాబు పంపుదామంటే కేసెట్టు దాచేసి నానా రాద్ధాంతం చేసేదాన్ని. మొండిఘటాన్ని!

మా పక్కింటి అక్కది కడప. రుమైథియా అనే పేటలో ఒకరింట్లో పనిచేసేది. అక్కడి మామా, అంటే యజమానురాలు, వీడియోలో పెట్టిన పాత ఫ్రెంచి సినిమా చూసొచ్చి నాకు చెప్పింది. భాష ముక్క అర్థం కాకపోయినా కథ మాత్రం పట్టేసింది.

"వాడు కవి పాపా. కారు రేడియోలో సచ్చిపోయినోడి కవిత్వం ఇనుకుంటా కూచున్యాడు. ఇంట్లో పెండ్లాం పిలిచినా పలకల్యా. ఆమె సచ్చిపోయినాంక అద్దంలో దూరి సచ్చినోళ్ల లోకంలో ఎతికినాడు. ఉన్నెప్పుడు పలికింటే ఏం పోయింటుంది?"

అంటూనే, నేను వెనక్కి తిప్పకుండా, పాడుతున్న టేపు రికార్డరు బటన్ల మీద చెయ్యి అడ్డం పెట్టింది. పద్యాలయిపోయాయి. తాతయ్య గొంతు వచ్చింది. "నాతోనూ ఓ నాలుగు ముక్కలు మాట్లాడమ్మా." సిగ్గుతో చచ్చిపోయాను. మా వైపుకు తిప్పి, ఏడుస్తూనే మాట్లాడాను. అమ్మమ్మ గొంతు ఆయనకూ కావాలి కదా అని కేసెట్టు అమ్మ చేతికిచ్చేశాను.

నెల తిరిగాక వచ్చింది. పద్యాలు లేవు. అలవాటు చొప్పున తాతయ్య వాటి మీదే జవాబు చెప్పేశాడు. గుక్కపట్టి ఏడ్చాను. అక్క మాత్రం టేపు ఆపలేదు. చివర్లో ఆయన అన్నాడు: "నీ గొంతు విన్నాక ఇవాళ కడుపునిండా అన్నం తిన్నాను తల్లీ."

ఇప్పుడు అమ్మ లేదు, తాతయ్య లేడు. అక్క ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, గడువు ముగిసి ఎప్పుడో ఊరికి వెళ్లిపోయింది. ఇక్కడే ఒక్క గదిలో నేను మిగిలాను. ఒంటరితనం పీక్కు తింటుంది, అబద్ధమెందుకు. ఫోను మాత్రం మొదటి మోతకే ఎత్తుతాను. అమ్మమ్మ పద్యం ఒక్కటీ గుర్తు లేదు. అవతల ఎవరైనా సరే, నేను ముందు అడిగే మాట ఒకటే: అన్నం తిన్నావా?