రేకు కాలువలో ఎర్రదారం

కోడలు సూది మొనతో తడి కాగితం మీది ఉండను పైకి లేపింది. బఠాణీ గింజంత ఉంది. అది లేచిన చోట కాగితానికి చిల్లు పడింది. పొద్దుటినుంచి ఇలా పాడైన కాగితాల్లో ఇది ఏడోది.

"తియ్యి, తియ్యి. ఉండలన్నీ ఎండబెట్టి పిల్లలకి గోళీలని అమ్ముకుందాం" అంది గుమ్మంలో కూర్చున్న అత్తగారు.

పాత నూలుగుడ్డలను నానబెట్టి, దంచి, ఆ గుజ్జును నీళ్ళలో కలిపి కాగితం చేయడం వాళ్ళ పని. ముప్పై ఏళ్ళు అత్తగారు తొట్టిలోంచి చెంబుతో ముంచి, నీళ్ళ పళ్ళెంలో తేలే జల్లెడ చట్రంలో పోసేది. ఇప్పుడు కుడిభుజం లేవదు. బరువెత్తితే చెయ్యి మొత్తానికే పోతుందన్నాడు డాక్టరు. అందుకని కోడలు తొట్టి నుంచి చట్రం దాకా సన్నటి రేకు కాలువ అమర్చింది. మూత తీస్తే చాలు, గుజ్జునీళ్ళు వాటంతటవే పారతాయి.

పెళ్ళికి ముందు ఆమె పన్నెండేళ్ళు దర్జీ దుకాణంలో కుట్టింది. అక్కడి పీలికల మూటలు ఈ ఇంటికే వచ్చేవి. ఒక్క మూట కోసం ఈ ఇంటబ్బాయి నాలుగుసార్లు తిరగడం మొదలుపెట్టేసరికి సంగతి దుకాణమంతా తెలిసిపోయింది. "పీలికల కోసం పంపితే పిల్లను తెచ్చాడు" అని అత్తగారు ఇప్పటికీ నవ్వుతుంది.

పుస్తకాలు కుట్టే బైండింగ్ ఆయన నలభై కాగితాలు మర్నాటికి కావాలన్నాడు. "నీ కాలువ మీద ఈ నలభై వస్తే సరే. లేదంటే నా చెంబు నాకిచ్చెయ్" అని అత్తగారు ఖరాఖండిగా చెప్పింది. అన్నంత పనీ చేస్తుంది. కోడలి భయమల్లా ఆ భుజం గురించే.

గుజ్జును మళ్ళీ దంచి చూసింది. ఉండలు పోలేదు. అప్పుడు కుట్టుపెట్టె తెచ్చి, ఎర్రదారాన్ని గోరంత ముక్కలుగా కత్తిరించి, పారుతున్న కాలువలో వేసి, గుజ్జులో పోగులు ఎలా కదులుతున్నాయో గొంతుక్కూర్చుని చూసింది.

మధ్యలో పడ్డ ముక్క బుద్ధిగా సాగిపోయింది. అంచున పడ్డది పిల్లిమొగ్గలు వేసుకుంటూ వెళ్ళింది. కానీ కాలువ వెడల్పయిన చోటికి రాగానే ప్రతి ముక్కకూ ఒకటే తంతు. ముందు కొస నెమ్మదించింది, వెనక కొస వచ్చి దాన్ని నెట్టింది. దారం నడుము వంగి, మెలికపడి, పక్కదాన్ని పట్టుకుంది.

"అత్తయ్యా, దారాన్ని వెనకనుంచి నెడితే సూదిలోకి ఎక్కుతుందా?"

"వంగి చస్తుంది. కొస పట్టుకుని లాగాలి. దర్జీవి, నన్నడుగుతావేం?"

"నేను నెట్టిస్తున్నాను మరి! నీళ్ళు సమంగా పరుచుకుంటాయని, రేకును లంగా కత్తిరించినట్టు కత్తిరించాను. పైన ఇరుకు, కింద వెడల్పాటి ఘేరా."

అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "తొట్టికి లంగా కట్టావా!"

కోడలు రెండు మరలు విప్పి కాలువను తిరగేసింది. ఇప్పుడు వెడల్పు తొట్టి వైపు, ఇరుకు చట్రం వైపు. దారి ఇరుకైన కొద్దీ నీళ్ళు పరుగందుకుని దారం కొసను ముందుకు లాగాయి. మెలికలు విడిపోయి ముక్కలన్నీ తిన్నగా వచ్చాయి. అలా తీసిన కాగితం మీద ఒక్క ఉండా లేదు.

ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, గర్వంగా అత్తగారికిచ్చింది. ఆవిడ దాన్ని చర్రున నిలువునా చింపేసింది.

"అయ్యో!"

"పోగులన్నీ ఒకే వరసలో పడుకున్నాయి. వరస వెంట చిరిగింది. జరుగు."

అత్తగారు పీట లాక్కుని పళ్ళెం పక్కన కూర్చుంది. చట్రంలోకి నీళ్ళు చేరగానే, ఎడమచేత్తో దాని అంచును అటూ ఇటూ చిన్నగా కదిపింది. భుజానికి పనిలేదు, మణికట్టు చాలు. పోగులు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా అల్లుకున్నాయి.

"ఈ కుదుపు నాకెప్పుడూ చెప్పలేదే?"

"చెంబు మోసినన్నాళ్ళూ చెయ్యి దానంతటదే కుదిపేది. చెప్పాలని నాకేం తెలుసు?"

మూత కోడలిది, కుదుపు అత్తగారిది. చీకటి పడకముందే నలభయ్యో కాగితం దండెం ఎక్కింది.

మర్నాడు బైండింగ్ ఆయన ఒక కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టాడు. మూలను నిలువుగా మడిచాడు, అడ్డంగా మడిచాడు, లాగాడు. చిరగలేదు.

"బాగా కుదిరిందక్కా. చెంబు మార్చావా?"

"చెంబు అటకెక్కింది. లంగా తిరగేశాం" అంది అత్తగారు.

ఆయనకేం అర్థం కాలేదు. అత్తాకోడళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఆయన నలభైనీ అట్టల మధ్య పెట్టి, తాడు బిగించి, చంకన పెట్టుకుని వెళ్ళాడు.