పిన్ని ఫోటోకి కట్టిన చీర

నా చిన్నప్పుడు మా పిన్ని ఫోటో దిగిన రోజు గురించి రాసిపెట్టాలని ఇన్నాళ్లూ తోచలేదు. మొన్న మా అమ్మాయి ఆఫీసు ఫోటో కోసం మంచం నిండా బట్టలు పరిచి, ఏది వేసుకోనని నన్ను అడిగింది. జవాబుగా ఈ సంగతే చెప్పాను. ఆ రోజును చూసినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు కాబట్టి, ఇది కాగితం మీద ఉండాలనిపించింది.

తొంభైల మొదట్లో మాట. నర్సీపట్నంలో చర్చి వెనక సందులో, అమ్మమ్మ ఇంట్లో ఉండేవాళ్లం. పిన్ని నర్సు ట్రైనింగు పూర్తిచేసింది. కొండల మీద, ఏజెన్సీలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. మెడలో వేసుకునే కార్డుకు ఫోటో కావాలన్నారు. మా ఇంట్లో ఉద్యోగానికి వెళ్లబోతున్న మొదటి ఆడమనిషి ఆవిడే. అందుకని ఆ ఫోటో సందు మొత్తానిదీ అయిపోయింది.

అప్పట్లో బస్టాండు దగ్గరి స్టూడియోలో మేకుకు ఒక నల్లకోటు వేలాడుతుండేది. ఊళ్లో సగంమంది మగ ఉద్యోగస్తులు ఫోటోల్లో ఆ ఒక్క కోటులోనే కనిపించేవారు. ఆడవాళ్లకు అలాంటి ఏర్పాటు లేదు గనక ఇరుగుపొరుగు పూనుకున్నారు. పాస్టరమ్మగారు తన మెరూన్ పట్టుచీర పంపారు. పక్కింటి అక్క మెడలో గొలుసు తీసి ఇచ్చింది. నేనూ తక్కువ తినలేదు. గ్రంథాలయంలో వారపత్రికలన్నీ తిరగేసేదాన్ని కాబట్టి, ముదురు రంగు కడితే ఫోటోలో ముఖం వెలుగుతుందని ఎక్కడో చదివింది గడగడా అప్పజెప్పాను.

పిన్ని పట్టుచీర కట్టి, పౌడరు రాసి, గొలుసు సర్దుకుని వసారాలోకి వచ్చింది. నిజంగా ఎంత బాగుందో! అమ్మమ్మ మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. "కుర్సీలో కాసేపు కూకో. అంత బేగి ఎల్లాలేటి?" అంది.

ఆ రోజు సంత. కొండ మీద నుంచి చింతపండు తెచ్చే ఆవిడ ఏ వేళకు వస్తుందో అమ్మమ్మకు తెలుసు. ఆవిడ పాదం మీద మానని పుండు ఒకటి ఉండేది. కొన్ని నెలలుగా సంతకు వచ్చినప్పుడల్లా మా వసారాలో చతికిలబడి, పిన్ని ముందు కాలు చాపి కట్టు కట్టించుకునేది.

ఆవిడ వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గంప దించలేదు.

"సుట్టాలొచ్చినట్టున్నారు. మళ్లొస్తానమ్మా."

"సుట్టాలెవరే? మా సిన్నదే. లోనకి రా," అంది అమ్మమ్మ.

"ఓలమ్మో, జమీందారుగోరి కోడలనుకున్నాను!" అని నవ్వింది. నవ్వుతూనే చీర అంచు కిందికి లాగి ఆ పాదాన్ని కప్పేసుకుంది. కాలెలా ఉందని పిన్ని అడిగితే, "తగ్గిపోనాదమ్మగారూ," అంది. ఎప్పుడూ "సెల్లీ" అని పిలిచే మనిషి! కప్పుకున్న అంచు మీద ఈగలు ముసురుతున్నాయి.

పిన్ని ఆ అంచువైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పటికి ఒంటి మీద రోజూ కట్టే నీలం నేతచీర ఉంది. మెడ బోసిగా ఉంది. నేల మీద కూర్చుని చేయి చాపింది.

"ఇప్పుడు సెప్పక్కా. ఏటి తగ్గిపోనాది?"

"ఏటీ తగ్గలేదు సెల్లీ. రాత్రుళ్లు ఒకటే సలుపు," అంటూ ఆవిడ గంప దించి కాలు చాపింది.

పక్కింటి అక్క లబలబలాడింది. "పట్టుచీర ఇప్పీసినావేటే! పాస్టరమ్మగారికి ఏటని సెప్పాలి?"

"ఆదివారం ప్రార్థనకి కట్టుకొస్తానని సెప్పు."

కట్టు కట్టడం అయ్యాక, ఆ పట్టుచీర వద్దని నోటితోనే చెప్పొచ్చు కదా అని పిన్ని అమ్మమ్మ మీద అలిగింది. "సెప్తే ఇంటావేటి? మీరందరూ ఒక పక్క, నానొక్కద్దాన్నీ ఒక పక్క," అంది అమ్మమ్మ.

నీలం చీరతోనే స్టూడియోకి వెళ్లాం. ఫోటోలో పిన్ని ముఖం ఏమంత వెలగలేదు. కానీ అది మా పిన్ని ముఖమే.

ఆ తర్వాత నేను చాలా పుస్తకాలు చదివాను. అయినా ఇప్పటికీ ఏదైనా కొత్తచోటికి బయలుదేరేటప్పుడు నాకు ముందుగా తోచేది ఆ వసారాలో నేర్చుకున్నదే. నన్ను చూసి అవతలివాళ్లు ఏదైనా దాచుకోవలసి వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తాను.

ఇది రాయనిచ్చిన సుగుణ పిన్నికి, ఎవర్నీ నొప్పించకుండా మా కళ్లు తెరిపించిన అమ్మమ్మ రత్నమ్మగారికి, మనసారా గొలుసు తీసి ఇచ్చిన గ్రేసక్కకు, మళ్లీ కాలు చాపిన సోములమ్మకు నా నమస్కారాలు.