గోడవతల ఇటుక

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, మిలట్రీలో చేసి వచ్చి ఇప్పుడు మా ఊరి దగ్గర గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాడు. మంచుకొండల మీద యుద్ధం చేసినవాడు. అక్కడ తిన్నదీ, తాగిందీ, చలికి రెండు కాలివేళ్లు పోగొట్టుకున్నదీ అన్నీ చెప్తాడు గానీ చివరి కొండ సంగతి మాత్రం ఎత్తడు. అడిగితే పాఠం మొదలెడతాడు. పైవాళ్లు కుర్చీలో కూర్చుని గీసేది స్ట్రాటజీ, కిందివాడు పొట్టమీద పాకేది టాక్టిక్స్, రెండూ అతక్కపోతే పోయేది పాకేవాడే అని. వినలేక చచ్చేదాన్ని.

పోయిన వానాకాలం ఆ పాఠం బాగ్‌బేరాలో మా ఇంటికే వచ్చింది. పక్కింటావిడ గోడవతల, మా నీళ్లు కూడా పోయే తన కాలువలో ఇటుక అడ్డం పెట్టింది. మురుగంతా మా వంటగదిలోకి ఎదురు తన్నింది. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆవిడ నర్సు. రోజూ పొద్దున్నే అమ్మకి షుగర్ సూది వేసేది ఆవిడే. అందుకని అమ్మ కుర్చీలోంచి కదలకుండా మావయ్యకి ఆజ్ఞ జారీ చేసింది.

"సాయంత్రానికి నీరు పారాల. ఆలతో మాట తూలకు, గోడవతల కాలెట్టకు. రేపు సూది ఎవులేత్తారు?"

మహారాణీవారు! వెనక సందులోంచి వెళ్తే రెండు నిమిషాల పని. మావయ్య మాత్రం మారు మాట్లాడకుండా బురదలో బోర్లా పడుకుని, గోడ కింది కన్నంలోంచి వెదురుబొంగుతో పొడవడం మొదలెట్టాడు. గంట గడిచింది. ఇటుక కదల్లేదు సరికదా, ఆయన మీసాలకి కూడా మురుగంటింది. నేను పడీపడీ నవ్వి, వెనకనుంచి వెళ్లడానికేం రోగం అని అడిగాను.

ఆయన బొంగు వదల్లేదు.

"అక్కడా ఎనకనుంచే సులువు దారి, ఒలే. సరిహద్దు గీత దాటొద్దన్నారు, యుద్ధం పెద్దదైపోద్దని. ఎదురుగానే ఎక్కినాం. నా ముందున్నోడు మరి దిగనేదు."



కిటికీలోంచి అమ్మ విన్నట్టుంది. చెప్పులేసుకుని నేరుగా పక్కింటి గుమ్మం ముందుకెళ్లి అడిగేసింది. ఆవిడ నాలిక్కరుచుకుంది. ఎలకలొస్తున్నాయని పెట్టి మరిచిపోయానంది. ముందే చెప్పొచ్చు కదా దీదీ అని హిందీలో అమ్మనే కోప్పడి, ఇటుక తీసేసింది. నీళ్లు బుడబుడమని పోయాయి. నోరు తెరిచి అడిగితే పోయేదానికి ఇంత దండయాత్ర చేశామా అని సిగ్గేసింది.

మావయ్య బురదలోంచి లేవలేదు. పారే నీళ్లనే చూస్తూ అన్నాడు.

"ఆ ముందున్నోడి అమ్మకి నానేటి సెప్పినానో తెల్సా? ఇంకో దారి నేదమ్మా అని."